తక్రార్ ఇచ్చినంక పోచ్ అడగండి



పోయిన నెల పెన్షన్ కాగితాల గురించి రాసిన. అది చదివి విడి ఘర్‌కుల్ నుంచి ఒక అక్క మా ఇంటికి వచ్చింది. పెన్షన్ పనే అనుకున్న. కాదు. సంచిలోంచి కొడుకు చొక్కా తీసి చూపెట్టింది. కాలర్ దగ్గర చినిగి ఉంది. "అన్నా, చౌకీలో కొట్టిర్రు. పోలీసు మీద తక్రార్ పోలీసు దగ్గరనే ఇయ్యాలెనా? ఇంకెక్కడన్న ఇయ్యొచ్చా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెల్సు. తెల్సుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. మా ఇంట్లోనే జరిగింది గనక తెల్సింది. నేను నాలుగో తరగతి దాకా చదివినోణ్ణి, వకీలును కాను. అయినా ఆ ఎనిమిది నెలల్లో ఏ కాగితం ఎటు పోతదో, ఎక్కడ ఆగిపోతదో కండ్లతో చూసిన. ఈ నెల అది రాస్తున్న. ఏ చౌకీ, ఏ సాహెబ్ అన్నది రాయను. నా పని ఎవరినీ బదనాం చెయ్యడం కాదు.

మూడేండ్ల కింద, దసరాకు ముందు. మా తమ్ముని కొడుకు అక్కల్‌కోట్ రోడ్డు వైపు ఒక కార్ఖానాలో టవల్ సాంచాలు నడుపుతడు. నా తమ్ముడు లేడు, చనిపోయి చానా ఏండ్లయింది. మరదలు విడీలు చుట్టి కొడుకును పెంచింది. ఆ రోజు రాత్రి పాళీ. కరెంటు పోయి ఎంతకూ రాకపోయేసరికి సేఠ్ అందరినీ ఇంటికి పొమ్మన్నడు. పిల్లగాడు ఒంటిగంటకు బండి మీద వస్తుంటే గస్తీ పోలీసులు ఆపిర్రు. లైసెన్స్ అడిగిర్రు. ఇంట్లో ఉందన్నడు. మాట మీద మాట పెరిగింది. ఒకాయన చెవి మీద కొట్టిండు. చౌకీకి తీసుకపోయి, ఫోన్ గుంజుకొని, తెల్లారేదాక బెంచీ మీద కూర్చోబెట్టిర్రు. ఆరు గంటలకు "పో" అన్నరు. ఒక్క కాగితం రాయలేదు, ఒక్క సంతకం తీసుకోలేదు.

పిల్లగాడు ఇంట్లో చెప్పలేదు. బండి మీద నుంచి పడ్డ అన్నడు. సిగ్గు, భయం రెండూ. మూడో రోజు నేను వాళ్లింటికి పోతే ఎడమ పక్క నుంచి పిలిస్తే పలకలేదు. రెండుసార్లు పిలిచిన. అప్పుడు అనుమానం వచ్చి గట్టిగా అడిగితే ఏడ్చుకుంట చెప్పిండు.

అప్పటికే పెద్ద తప్పు జరిగిపోయింది. రెండో రోజే వాడు సర్కారు దవాఖానకు పోయిండు. చెవి పర్దా చినిగిందని డాక్టర్ చెప్పిండు. ఎట్ల తగిలిందంటే అక్కడ కూడా "బండి మీద నుంచి పడ్డ" అన్నడు. డాక్టర్ అదే రాసిండు. ఆ ఒక్క లైను మా వెంట ఎనిమిది నెలలు తిరిగింది. దాని సంగతి తర్వాత చెప్తా.

నేనూ వాడూ కలిసి ఠాణాకు పోయినం. అక్కడి సాహెబ్ మంచిగనే మాట్లాడిండు. నీళ్లు ఇచ్చిర్రు. "కాకా, అర్జీ ఇక్కడ పెట్టి పోండి, చూస్తం" అన్నడు. మర్యాదగ అన్నడు గనక నేను పెట్టి వచ్చిన. నకలు మీద ముద్ర అడగలేదు. అడిగితే ఏమనుకుంటడో అని మొహమాటం. రెండు వారాలైనంక పోతే అసలు అట్లాంటి అర్జీ రాలేదన్నరు. నా దగ్గర ఏముంది చూపెట్టడానికి? ఏం లేదు.

మన మిల్లు మనుషులకు ఇది కొత్త కాదు. హాజరీ చీటీ లేకపోతే పగార్ లేదు. ఎనిమిది గంటలు పని చేసినా చీటీ పోతే పని చెయ్యనట్టే. అర్జీకి పోచ్ కూడా అట్లాంటిదే. పోచ్ అంటే మనం ఇచ్చిన కాగితం వాళ్లకు చేరిందని, నకలు మీద ముద్ర, తారీఖు, సంతకం. నోటితో చెప్పింది గాలికి పోతది. పోచ్ లేని అర్జీ కూడా గాలికే పోతది.

రెండోసారి బుద్ధి వచ్చింది. అదే అర్జీ మళ్లా రాసి పోలీస్ కమిషనర్ గారికి రిజిస్టర్ పోస్టులో పంపినం, చేరినట్టు కార్డు తిరిగి వచ్చేటట్టు. పోస్టాఫీసు రసీదు, ఆ కార్డు, అర్జీ నకలు మూడూ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి బియ్యం డబ్బా మీద ఉంచినం.

ఇరవై రోజులకు కబురు వచ్చింది. సంతోషపడ్డం. తీరా చూస్తే పిలిచింది అదే ఠాణాకు. విచారణ చేసే సాహెబ్ అక్కడి ఆయనే. కొట్టినాయన పక్క బల్ల దగ్గర కూర్చొని చాయ్ తాగుతున్నడు. పిల్లగాడు నోరు తెరిస్తే ఒట్టు.

నాకు అప్పుడు నా చిన్నతనం యాదికి వచ్చింది. పద్దెనిమిదేండ్లకు మిల్లులో బదిలీ పనికి చేరిన. మా ఖాతాలో జాబర్‌కు చెయ్యి తడిపితేనే ఆ పూట పని దొరికేది. నేను కుర్రతనంలో మేనేజర్‌కు చెప్పిన. మేనేజర్ ఏం చేసిండు? ఆ జాబర్‌నే పిలిచి "ఇదేందో నువ్వే చూడు" అన్నడు. తొమ్మిది రోజులు నన్ను గేటు కాడి నుంచే తిప్పి పంపిర్రు. జాబర్ మీద తక్రార్ జాబర్ చేతికే పోతే ఏమైతదో నేను ఆ తొమ్మిది రోజుల్లో నేర్చుకున్న. పోలీసుల మీద తక్రార్ కూడా చానాసార్లు అట్లనే తిరిగి కిందికి వస్తది. కమిషనర్ ఆఫీసు కింది ఆఫీసుకు రాస్తది, ఆ ఆఫీసు ఠాణాకు రాస్తది, ఠాణా "ఆరోపణలో నిజం లేదు" అని రాసి పైకి పంపుతది.

ఈ సంగతి నేనొక్కణ్ణే కనిపెట్టింది కాదు. ప్రకాశ్ సింగ్ అని ఉత్తరప్రదేశ్‌లో పోలీసు శాఖకు అధిపతిగా పని చేసి రిటైర్ అయినాయన, పోలీసు శాఖను బాగుచెయ్యాలని 1996లో సుప్రీంకోర్టుకు పోయిండు. పదేండ్లు నడిచి 2006 సెప్టెంబర్ 22న తీర్పు వచ్చింది. అందులో ఏడు ఆదేశాలు ఉన్నయి. ఒకటి మన గురించే: పోలీసుల మీద వచ్చే ఫిర్యాదులను చూడటానికి రాష్ట్రంలో ఒక సంస్థ, జిల్లాల్లో ఒక సంస్థ విడిగా ఉండాలె, వాటికి పెద్దగా రిటైర్ అయిన జడ్జి ఉండాలె అని. పోలీసులో ఉన్నతంగా పని చేసినాయనే ఆ మాట అడిగిండంటే, లోపల ఎట్ల ఉంటదో ఆయనకు తెల్సు గనకనే కదా.

మన మహారాష్ట్రలో 2014లో పోలీసు చట్టం మార్చి రాజ్య పోలీస్ తక్రార్ ప్రాధికరణ పెట్టిర్రు. ముంబైలో ఉంటది. హైకోర్టు జడ్జిగా చేసి రిటైర్ అయినాయన అధ్యక్షుడు. కస్టడీలో చావు, పెద్ద గాయం, ఆడవాళ్ల మీద అత్యాచారం, పద్ధతి తప్పి అరెస్టు చెయ్యడం లేదా ఉంచుకోవడం, లంచం, బెదిరించి డబ్బు గుంజడం, ఇల్లు జాగా కబ్జా పెట్టడం, అధికారాన్ని గట్టిగా దుర్వినియోగం చెయ్యడం, ఇవన్నీ దాని కిందికి వస్తయి. అది తనంత తాను ఉద్యోగం ఊడగొట్టలేదు. విచారణ చేసి సర్కారుకు నివేదిక ఇస్తది.

తమిళనాడులో ఉన్న మన చదువరులు గుర్తు పెట్టుకోవలసింది ఒకటి ఉంది. అక్కడ 2013లో చేసిన చట్టంలో రాష్ట్రస్థాయి సంస్థకు హోం సెక్రటరీని, జిల్లాకు కలెక్టర్‌ను పెద్దగా పెట్టిర్రు. సుప్రీంకోర్టు చెప్పింది రిటైర్ అయిన జడ్జిని. పేరు ఒకటే ఉన్నా రాష్ట్రం రాష్ట్రానికి లోపల మనుషులు వేరు. మీ రాష్ట్రంలో ఎవరు కూర్చున్నరో ముందు కనుక్కోండి.

ఇప్పుడు మా ఇంటి కథకు వస్తా. ఠాణా నుంచి వచ్చినంక వారం రోజులకు సేఠ్ కబురు పెట్టిండు. ఆయన మంచోడే. "ఎందుకు కాకా ఈ తంట, రోజూ ఆ తొవ్వలోనే పోవాలె కదా, ఒక సంతకం పెట్టి ముగించండి" అన్నడు. ఒక కాగితం రెడీగ ఉంది. "గైరసమజ్ నుంచి తక్రార్ ఇచ్చిన, ఇప్పుడు ఏ తక్రార్ లేదు" అని మరాఠీలో రాసి ఉంది. గైరసమజ్ అంటే అపార్థం.

నిజం చెప్పాలె. నేను కూడా సంతకం పెట్టమనే అన్న. నీళ్లలో ఉండి మొసలితో పగ ఎందుకు అనిపించింది. పిల్లగాడు పెన్ను చేతికి తీసుకున్నడు. అప్పుడు మా మరదలు, అప్పటిదాకా మూలకు కూర్చొని విడీలు చుడుతున్నామె, చాట పక్కకు పెట్టి అన్నది: "బావా, చెవి పోయింది నా కొడుకుది. గైరసమజ్ ఎవరిది?"

ఎవరికీ మాట రాలేదు. పిల్లగాడు పెన్ను కింద పెట్టిండు. నేను తలకాయ దించుకున్న. ఇంట్లో పెద్దోణ్ణి నేను, ఆ మాట నేను అనవలసింది.

ఆ మర్నాడు జిల్లా కోర్టులో ఉన్న న్యాయ సేవల ఆఫీసుకు పోయినం. ఇది అందరూ తెల్సుకోవాలె. 1987 నాటి చట్టం ప్రకారం ఫ్యాక్టరీ కార్మికులకు, ఆడవాళ్లకు, పోలీసు కస్టడీలో ఉన్నవాళ్లకు, దళితులకు, ఆదివాసీలకు సర్కారే ఉచితంగా వకీలును ఇస్తది. వీళ్లకు సంపాదన ఎంత అన్న లెక్క లేదు. 15100 నంబరుకు ఫోన్ చేసినా చెప్తరు. మాకు ఒక చిన్న వయసు వకీలమ్మను ఇచ్చిర్రు. ఆమె చెప్పింది సగం, నేను తర్వాత అడిగి తెల్సుకున్నది సగం కలిపి, మెట్టు మెట్టుగా రాస్తా.

ముందు ఒక సంగతి. తొవ్వలు రెండు. ఒకటి శాఖ లోపలి విచారణ: ఇందులో పోలీసుకు తాకీదు, ఇంక్రిమెంట్ ఆపడం, సస్పెండ్ చెయ్యడం, ఉద్యోగం తియ్యడం దాకా ఉంటయి. ఇంకోటి నేరం కేసు: ఇందులో ఎఫ్ఐఆర్, కోర్టు, జైలు. ఒకటి నడుస్తుందని ఇంకోటి ఆగదు. మీరు ఏది అడుగుతున్నరో అర్జీలో తేటగ రాయాలె.

మొదటి మెట్టు ఠాణా. నేరం జరిగిందని చెప్తే ఎఫ్ఐఆర్ రాయాలని సుప్రీంకోర్టు లలితా కుమారి కేసులో 2013 నవంబర్ 12న గట్టిగ చెప్పింది. ఎఫ్ఐఆర్ నకలు ఊరికే ఇయ్యాలె, పైసలు లేవు. మన దగ్గర చానాసార్లు ఎఫ్ఐఆర్ బదులు ఎన్‌సి రాసి చీటీ చేతిలో పెడతరు. ఎన్‌సి అంటే కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యలేని చిన్న నేరం. చీటీ దొరికింది కదా అని మనం ఇంటికి వస్తం. చీటీ మీద ఏం రాసిర్రో చదివించుకొని రండి.

రెండో మెట్టు పెద్ద ఆఫీసర్. ఠాణాలో రాసుకోకపోతే అదే సంగతి రాసి పోస్టులో ఎస్పీ గారికి, నగరంలో అయితే కమిషనర్ గారి ఆఫీసుకు పంపే హక్కు చట్టంలోనే ఉంది. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో ఇది 173వ సెక్షన్. ఇక్కడే ఇంకో మాట రాయాలె: "ఈ విచారణ ఆ ఠాణాకు సంబంధం లేని ఆఫీసర్ చెయ్యాలని కోరుతున్న." ఈ ఒక్క వాక్యం మేము మొదట రాయలేదు. జాబర్ మీద తక్రార్ జాబర్‌కే పోయింది.

మూడో మెట్టు మేజిస్ట్రేట్. పైన రాసినా పట్టించుకోకపోతే 175వ సెక్షన్ కింద కోర్టుకు పోవచ్చు. ప్రమాణ పత్రం జత చెయ్యాలె. ముందు ఠాణాకు, పెద్ద ఆఫీసర్‌కు ఇచ్చినట్టు రుజువు చూపెట్టాలె. అప్పుడే ఆ పోస్టాఫీసు రసీదు విలువ తెలుస్తది. డ్యూటీలో జరిగిన పని మీద అయితే ఆ ఆఫీసర్ పైవాళ్ల నివేదిక, ఆయన చెప్పుకునే మాట కూడా చూసినంకనే కోర్టు దర్యాప్తుకు ఆదేశించాలని కొత్త చట్టంలో పెట్టిర్రు. అంటే ఇది తొందరగ అయ్యే పని కాదు.

నాలుగోది నేను పైన చెప్పిన తక్రార్ ప్రాధికరణ. ఐదోది మానవ హక్కుల కమిషన్. ఢిల్లీలో జాతీయ కమిషన్ ఉంది, ముంబైలో రాష్ట్రానిది ఉంది. ఫీజు లేదు. జరిగిన ఒక సంవత్సరం లోపల రాయాలె. జాతీయ కమిషన్‌కు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్న ఏ భాషలో అయినా రాయొచ్చు. అందులో తెలుగు ఉంది! మరాఠీ రాయడం రాదు, ఇంగ్లీషు రాదు అని ఆగిపోయే మన ముసలోళ్లకు ఇది పెద్ద ఆసరా. వాళ్లు కూడా చానాసార్లు పోలీసు శాఖ నుంచే రిపోర్టు తెప్పించుకుంటరు. కాకపోతే రిపోర్టు అడిగేది బయటి మనిషి. దాని బరువు వేరే ఉంటది.

ఆరోది సమాచార హక్కు. పది రూపాయల ఫీజు. "ఫలానా తారీఖున నేను ఇచ్చిన అర్జీ మీద ఏం చర్య తీసుకున్నరు, ఇప్పుడు అది ఎవరి బల్ల మీద ఉంది" అని అడగాలె. 30 రోజుల్లో జవాబు ఇయ్యాలె. మా కాగితం కదిలింది నిజానికి ఈ పది రూపాయల వల్లనే.

కాగితం మీద నమ్మకం లేనోళ్లకు రెండు నిజమైన సంగతులు చెప్తా. ఒడిశాలో 1987 డిసెంబర్ 1న సుమన్ బెహెరా అనే ఇరవై రెండేండ్ల పిల్లగాణ్ణి పోలీసులు తీసుకపోయిర్రు. మర్నాడు రైలు పట్టాల మీద శవం దొరికింది. పారిపోయి రైలు కింద పడ్డడని పోలీసులు అన్నరు. తల్లి నీలబతి బెహెరా సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే కోర్టు కేసుగా తీసుకుంది. 1993లో తీర్పు ఇచ్చి, రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు లక్షా యాభై వేలు నష్టపరిహారం ఇయ్యాలన్నది. కొడుకు తిరిగి రాలేదు. అయినా కస్టడీలో మనిషి చస్తే సర్కారు జవాబు చెప్పాలని ఆ తల్లి ఉత్తరం వల్ల దేశమంతటికీ గట్టిపడ్డది.

ఇంకోటి. పశ్చిమ బెంగాల్‌లో న్యాయ సహాయం చేసే డి.కె. బసు అనే ఆయన 1986లో సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసిండు. పదేండ్లకు, 1996లో తీర్పు వచ్చింది. అరెస్టు చేసే పోలీసు పేరు, హోదా కనబడే పట్టీ పెట్టుకోవాలె. తారీఖు, టైము వేసి అరెస్టు కాగితం రాసి సాక్షి సంతకం తీసుకోవాలె. ఇంటివాళ్లకో దోస్తుకో కబురు చెయ్యాలె. కస్టడీలో ఉన్నన్ని రోజులు 48 గంటలకోసారి డాక్టర్‌తో చూపించాలె. మా పిల్లగాణ్ణి ఆ రాత్రి బెంచీ మీద కూర్చోబెట్టినప్పుడు వీటిలో ఒక్కటీ జరగలేదు. ఇవి మనకు ఎవరో దయతో ఇచ్చేవి కావు, మనం అడగవలసినవి.

కెమెరా సంగతి కూడా చెప్పాలె. ప్రతి ఠాణాలో సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డు పద్దెనిమిది నెలలు ఉంచాలని, అంత వీలు కాకపోతే కనీసం ఏడాది ఉంచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 2న చెప్పింది. మేము ఆ రికార్డు అడిగేసరికి నాలుగు నెలలు దాటింది. లేదన్నరు. ఎందుకు లేదన్నది చెప్పలేదు. కాబట్టి మొదటి అర్జీలోనే రాయండి: "ఫలానా రాత్రి ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాక ఉన్న కెమెరా రికార్డు చెరిపెయ్యకుండా దాచి పెట్టాలె."

అదే 2020 జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో ఏం జరిగిందో మీకు యాది ఉంటది. లాక్‌డౌన్‌లో సెల్‌ఫోన్ దుకాణం విషయంలో జయరాజ్ అనే తండ్రిని, బెన్నిక్స్ అనే కొడుకును ఠాణాకు తీసుకపోయి కొట్టిర్రు. ఇద్దరూ చనిపోయిర్రు. హైకోర్టు పంపిన మేజిస్ట్రేట్ పోయి చూస్తే ఠాణా కెమెరా రికార్డు ఏ రోజుది ఆ రోజు చెరిగిపోయేటట్టు పెట్టి ఉంది. అయినా సంగతి బయటికి ఎట్ల వచ్చింది? ఆ ఠాణాలోనే పని చేసే రేవతి అనే ఆడ హెడ్ కానిస్టేబుల్ తాను చూసింది మేజిస్ట్రేట్‌కు చెప్పింది. తోటి పోలీసులు చుట్టూ ఉండంగ చెప్పింది. తర్వాత సీబీఐ తొమ్మిది మంది పోలీసుల మీద కేసు నడిపింది. ఖాకీ బట్టల్లో ఇట్లాంటి మనిషి కూడా ఉంటదని మనం మర్చిపోవద్దు. మన గల్లీల నుంచి కూడా పిల్లలు పోలీసు భర్తీకి పోతున్నరు. పండుగ పూట మనం ఇంట్లో ఉంటే వాళ్లు చౌక్‌లో నిలబడతరు. అందుకే అర్జీలో జరిగింది రాయండి, జరగంది ఒక్క ముక్క కలపకండి. ఒక్క అబద్ధం దొరికితే తొమ్మిది నిజాలు దాని వెంట పోతయి.

మా కాగితం చివరికి ఏమైంది? మళ్లా అర్జీ ఇచ్చినంక వేరే ఆఫీసర్‌కు విచారణ ఇచ్చిర్రు. ఆయన మర్యాదగ పిలిచి మరదలిది, పిల్లగానిది, నాది బయాన్ రాసుకున్నడు. కార్ఖానా రిజిస్టర్‌లో పిల్లగాడు బయటికి పోయిన టైము ఉంది. అదే రాత్రి చౌకీలో కూర్చోబెట్టిన ఇంకో పిల్లగాడు కూడా ధైర్యం చేసి సాక్ష్యం చెప్పిండు. దెబ్బ సంగతి వచ్చేసరికి ఆఫీసర్ దవాఖాన కాగితం తీసిండు. "బండి మీద నుంచి పడ్డ అని మీరే చెప్పిర్రు కదా. అదీగాక సాంచాలు నడిపేటోళ్ల చెవులు ఎట్లాగూ పోతయి" అన్నడు. పిల్లగాడు ఏం చెప్తడు?

ఎనిమిదో నెలలో కాగితం వచ్చింది. ఏ నోంద్ లేకుండా రాత్రంతా చౌకీలో ఉంచింది రుజువైంది, దానికి ఆ పోలీసుకు శాఖాపరంగా శిక్ష వేసినం అని ఉంది. కొట్టింది రుజువు కాలేదు అని ఉంది. సగం గెలిచినం, సగం ఓడినం. ఓడిన సగం వాళ్ల వల్ల కాదు, మా మొదటి రోజు అబద్ధం వల్ల.

అందుకే మీ పిల్లలకు ఇప్పుడే చెప్పి పెట్టండి. దెబ్బ తగిలితే అదే రోజు సర్కారు దవాఖానకు పోవాలె. ఎట్ల తగిలింది, ఎవరు కొట్టిర్రు అన్నది డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాలె. ఇంట్లో సిగ్గుపడ్డా సరే, దవాఖానలో సిగ్గుపడొద్దు. ఇంకా పెద్దవాళ్లకు చెప్పేది: పిల్లగాడు ఇంటికి వచ్చి "పోలీసులు కొట్టిర్రు" అంటే "నువ్వేం చేసినవ్?" అని మొదలే అడగకండి. మా వాడు అబద్ధం చెప్పింది పోలీసుల భయంతో కాదు, మేము ఏమంటమో అని. ఆ మాట వాడే నాకు తర్వాత చెప్పిండు. "పెదనాయినా, నువ్వు నన్నే తిడతవనుకున్న" అన్నడు.

వాడు ఇప్పుడు కూడా అదే కార్ఖానాలో ఉన్నడు. చెవి కొంత నయమైంది, కొంత మందం మిగిలింది. ఆ తొవ్వలోనే వస్తడు, పోతడు. ఇప్పటిదాక ఎవరూ ఆపలేదు. లైసెన్స్ జేబులో పెట్టుకుంటున్నడు.

ఇంటికి వచ్చిన ఆ అక్కకు అర్జీ నేనే రాసి పెట్టిన. ముందు దవాఖానకు పంపిన. తర్వాత ముగ్గురం కలిసి కమిషనర్ ఆఫీసుకు పోయినం. కిటికీ దగ్గర ఆయన "పెట్టి పోండి" అన్నడు. నేను నకలు ముందుకు జరిపి "సాహెబ్, పోచ్" అన్న. ఒక్కసారి నా మొహం చూసిండు, ముద్ర తీసి కొట్టిండు, తారీఖు వేసిండు. అక్క ఆ కాగితాన్ని మడత పెట్టి చొక్కాతో పాటు సంచిలో పెట్టుకుంది.

వచ్చే నెల మన మిల్లు చాళ్ల ఇండ్ల కాగితాల గురించి రాస్తా. మీ దగ్గర పాత భాడా రసీదులు ఉంటే పారెయ్యకండి. సెలవు.